పూర్తధర్మము

గృహస్థుడు ఆచరింపవలసిన సత్కర్మలను మన ధర్మశాస్త్రములు రెండు తెరగులుగా విభజించినవి. మొదటిది ఇష్టము, రెండవది పూర్తము. అగ్నిహోత్రము, యజ్ఞము, వేదరక్షణము మొదలగునవి ఇష్టములు. బావులు త్రవ్వించుట, చెరువులు కట్టించుట, దేవాలయములు నిర్మించుట, తోటలు నాటించుట, ఆకలిగొన్న బాటసారికి అన్నము పెట్టుట పూర్తములు. ఇష్టమునకు అధికార నియమములు పెక్కు గలవు. పూర్తమునకు అట్టి కట్టుబాటు లేదు. అది సర్వవర్ణముల వారికిని సాధారణమైన ధర్మము. ఇష్టము వలన స్వర్గమును, పూర్తము వలన మోక్షమును లభించునని స్మృతికారులు చెప్పిరి. దప్పిగొన్నవాని గొంతు తడుపు కర్మకు వారిచ్చిన స్థానము ఎంత గొప్పదో దీనివలన తెలియుచున్నది. తెలుగునాట ప్రసిద్ధములగు సప్తసంతానములలో పుత్రునితోబాటు తటాకమును లెక్కింపబడుటకును కారణమిదియే. కన్నవారు గతించిన పిమ్మట గూడ వారి పేరు నిలుపునది సంతానము. చెరువును అట్టిదే.

పూర్తమను పదమునకు నిండినది, నింపబడినది అని అర్థము. ఈ అర్థమును మనసున నిలుపుకొనినచో ఒక సూక్ష్మము బోధపడును. గొయ్యి త్రవ్వినంతమాత్రమున అది పూర్తము కాదు. శంకుస్థాపన చేసి, శిలాఫలకముపై పేరు చెక్కించుకొనినంతమాత్రమునను కాదు. అది నిండవలెను, నిండినది నిలువవలెను, నిలిచినది ప్రాణులకు ఉపయోగపడవలెను.

మహాభారతమున ఆనుశాసనిక పర్వములో భీష్మపితామహుడు ధర్మరాజునకు తటాక ఫలమును బోధించు ఘట్టము ఈ విషయమునే స్పష్టము చేయుచున్నది. అచట పుణ్యమును కొలుచు కొలబద్ద చెరువు వైశాల్యము కాదు, వెచ్చించిన ధనమును కాదు. నీరెంతకాలము నిలిచినదన్నదే కొలత. వర్షకాలమున మాత్రమే నీరుండు చెరువు వలన కర్తకు అగ్నిహోత్రఫలము. శరత్కాలము వరకు నిలిచినచో గోసహస్రదాన ఫలము. అట్లు ఋతువు ఋతువునకు ఫలము హెచ్చుచు, వసంతమున నీరున్నచో అతిరాత్రయాగ ఫలము, మండువేసవిలో గూడ నీరున్నచో అశ్వమేధ ఫలము కలుగునని భీష్ముని ఉపదేశము. వానకాలమున నీరు ఎచటనైనను దొరకును. వేసవిలో దాహముతో వచ్చిన ఆవునకు, పక్షికి, బాటసారికి దొరికిన నీటికే అశ్వమేధముతో సాటి. కావున చెరువు కట్టించువాడు వేసవిని తలచి కట్టవలెను. ముందుచూపు పుణ్యమునకు వెలుపలిది కాదు. పుణ్యములో అది ఒక భాగము.

ముందుచూపుతోబాటు నైపుణ్యమును కావలెను. ఆదికవి వాల్మీకి దీనిని చక్కగా ఎరిగినవాడు. అయోధ్యాకాండ 80వ సర్గలో శ్రీరాముని మరల పిలుచుకొని వచ్చుటకై భరతుడు బయలుదేరుటకు ముందు బాట వేయుటకు పోయినవారిని మహర్షి పేరుపేరున వర్ణించినాడు. నేల స్వభావమెరిగినవారు, కొలతత్రాడు పట్టుటలో నేర్పరులు, త్రవ్వువారు, యంత్రములు నడుపువారు, స్థపతులు, వడ్రంగులు, సున్నపు పనివారు, వెదురుపనివారు, వీరందరి పనిని పరిశీలించు పెద్దలు – అందరును ముందు నడచిరి. పొదలు నరికి, రాళ్ళు పగులగొట్టి, గోతులు పూడ్చి, మిట్టపల్లములు సరిచేసిరి. చెట్లు లేనిచోట చెట్లు నాటిరి. వాగులకు కట్టలు, దాటవలసినచోట వంతెనలు కట్టిరి. నీరులేని తావులలో బావులు త్రవ్వి, వాని చుట్టును వేదికలు నిర్మించిరి. పరమభక్తుడగు భరతుని యాత్రకు ముందు కవి ఒక సర్గమంతయు పనివారికి ఇచ్చినాడు! యుద్ధకాండలో నలుని సేతువును ఇట్టిదే. వానరులు కొందరు సూత్రములు పట్టగా, కొందరు కొలతకర్రలు పట్టిరి. మొదటి దినమున 14, పిమ్మట 20, 21, 22, 23 యోజనములుగా అయిదు దినములలో నూరు యోజనముల సేతువు పూర్తియైనది. భగవత్కార్యము గదా యని కొలతలు మానలేదు. భగవత్కార్యము కనుకనే కొలతలు తప్పలేదు.

ఈ నైపుణ్యము పురాణకథలకు పరిమితమని తలంపరాదు. కడప జిల్లాలోని పోరుమామిళ్ళ చెరువు అందుకు ప్రత్యక్ష సాక్ష్యము. విజయనగర ప్రభువగు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు ఈ చెరువును కట్టించి, శాలివాహన శకము 1291వ సంవత్సరమున, అనగా క్రీ.శ. 1369లో, సంస్కృత శాసనము వేయించెను. అందు దీనికి అనంతరాజ సాగరమని పేరు. రెండు సంవత్సరములపాటు ప్రతిదినము వేయిమంది కూలీలు పనిచేసిరనియు, రాతిపనికి నూరు బండ్లు నడిచెననియు ఆ శాసనము తెలుపుచున్నది. దానిలోని మరియొక విశేషము తటాకమునకు వలయు పండ్రెండు అంగముల పట్టిక. ధర్మబుద్ధియు సంపదయు గల ప్రభువు, జలశాస్త్రమెరిగిన బ్రాహ్మణుడు, గట్టి మట్టిగల నేల, తీయని నీటి నది, ఆనుకొనుటకు కొండ, ఆ కొండల నడుమ మిక్కిలి పొడవు గాక దృఢమైన రాతికట్ట, లోతును వైశాల్యమును గల గర్భము, తిన్నని రాళ్ళు దొరకు గని, దగ్గరలో సారవంతమైన పొలములు మున్నగునవి వాటిలో గలవు. పట్టికలో మొదటిది ధర్మబుద్ధి గల ప్రభువు. చివరిది పనిలో ఆరితేరిన జనసమూహము. ఈ ఇరువురిలో ఎవరు లేకున్నను చెరువు లేదు.

అంగముల వెనుకనే ఆరు దోషములును చెప్పబడినవి. కట్టనుండి నీరు ఊరుట, నేల చవుడగుట, రెండు రాజ్యముల సరిహద్దున నుండుట, చెరువు నడుమ తాబేటి వీపువలె మెరక యుండుట, నీరు స్వల్పమై పొలము విస్తారమగుట, నీరు విస్తారమై చోటు స్వల్పమగుట. వీటిని విచారించి చూడుడు. సరిహద్దు చెరువు, చాలీచాలని నీరు కలహమునకు మూలములు. చవుడు, మెరక శ్రమను వ్యర్థము చేయును. ఊరెడి కట్టయు, చోటుచాలని వెల్లువయు ప్రాణములనే హరించును. జీవనమని పేరుగల నీరే మృత్యువగును. పుణ్యకార్యమును తలపెట్టినవాడు దానివలన కలుగగల కీడును గూడ ముందుగా లెక్కింపవలెనని ఆ శిల నేటికిని బోధించుచున్నది.

తిరుమల యాత్రికులకు ఈ ధర్మము మరింత దగ్గరిది. భగవద్రామానుజులు శ్రీరంగమున కాలక్షేపము చేయుచు, తిరుమలకు పోయి స్వామికి పుష్పకైంకర్యము చేయగలవారెవరని అడిగినప్పుడు, కొండమీది చలికి వెరవక ముందుకు వచ్చినవాడు అనంతాళ్వాన్. ఆచార్యులు అడిగినది పూలదండ. దండకు పూలు కావలెను, పూలకు తోట కావలెను, తోటకు నీరు కావలెను. కావున ఆ మహనీయుడు గునపము చేతబట్టి చెరువు త్రవ్వుటకు పూనుకొనెను. నిండుచూలాలగు భార్య మట్టితట్టలు మోయుచుండెను. ఒక బాలుడు వచ్చి సాయపడగోరగా, ఆచార్యాజ్ఞలో ఇతరులకు పాలు లేదని అనంతాళ్వాన్ నివారించెను. బాలుడు చాటుగా ఆ తల్లి బరువును తాను మోసెను. అది తెలిసి కోపముతో విసరిన గునపము బాలుని గడ్డమునకు తగిలెను. పిమ్మట ఆలయమున స్వామి చుబుకమునుండి రక్తము కారుచుండుట చూచి, అనంతాళ్వాన్ కుమిలిపోయి పచ్చకర్పూరము అద్దెను. ఆ గునపము మహాద్వారమున నేటికిని దర్శనమిచ్చుచున్నది. చుబుకమున కర్పూరమును చూచి కన్నులు చెమర్చు భక్తులు, ఆ గాయము ఎచట తగిలినదో గూడ స్మరింపవలెను. అది చెరువు పనిలో తగిలిన గాయము. పాలకడలిలో పవళించువాడు ఒక తట్ట మట్టికై ఆశపడినాడు!

స్వామి సన్నిధికిని చెరువులకును గల ఈ సంబంధము శాసనములలోను కానవచ్చును. 15, 16 శతాబ్దులలో భక్తులు శ్రీవారి భండారమున సమర్పించిన ధనమును దేవస్థానమువారు తిరువిడియాట్టపు గ్రామములలో చెరువులు, కాలువలు త్రవ్వించుటకు వినియోగించిరి. పెరిగిన పంటతో దాత పేర నైవేద్యము నడచెను. ధనము చెరువై, చెరువు పైరై, పైరు ప్రసాదమై తిరిగి భక్తుని చేతికి చేరెను. రైతు బ్రతికెను, స్వామి ఆరగించెను, యాత్రికుడు తృప్తిపొందెను. ఇంతకన్న నిండైన పూర్తమేది?

అయితే కట్టినవారి పుణ్యము కాపాడువారి చేతిలో నున్నది. 1908వ సంవత్సరము సెప్టెంబరు 28న మూసీనదికి వచ్చిన వరదలో హైదరాబాదున వేలాది జనులు మృతిచెందిరి. ఎగువ ప్రాంతమున చెరువులనేకము తెగి ఆ ఉద్ధృతిని పెంచినవి. పిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సూచనలపై ఎగువన జలాశయములు ఏర్పడినవి. 1920లో ఉస్మాన్ సాగరము, 1927లో హిమాయత్ సాగరము పూర్తియైనవి. 2021 నవంబరులో కురిసిన భారీవర్షములకు తిరుమల కనుమదారులలో కొండచరియలు విరిగిపడినవి. శ్రీవారి మెట్టు మార్గము ఛిద్రమై, బాగుచేయబడి, 2022 మే నెలలో గాని భక్తులకు తెరువబడలేదు. ఆ వర్షములలోనే, నవంబరు 19న, చెయ్యేటిపైనున్న అన్నమయ్య జలాశయపు కట్ట తెగి దిగువ గ్రామములలో పలువురు ప్రాణములు కోల్పోయిరి.

ఇట్టి ఆపదలను దైవలీల యని సరిపెట్టుకొనుట భక్తి కాదు. వాన దైవాధీనము, కట్ట మానవాధీనము. పూడిక తీయుట, తూము సరిచూచుట, అలుగు పారు దారిని మూయకుండుట, కట్టపై మొలచిన చెట్ల వేళ్ళు లోనికి దిగకముందే తొలగించుట – ఇవి మన చేతిలోని పనులు. రాయలసీమలో పూర్వము దశబంధ మాన్యములిచ్చి చెరువుల మరమ్మతు జరిపించుట ఇందులకే. శిథిలమైనదానిని ఉద్ధరించుట క్రొత్తది కట్టుటకంటె తక్కువది కాదని ధర్మజ్ఞుల నిర్ణయము. జీర్ణోద్ధరణము చేయువానికి శిలాఫలకము దొరకకపోవచ్చును. కాని భీష్ముడు చెప్పిన వేసవి నీటి ఫలము దొరకక మానదు.

అందరును చెరువులు కట్టింపలేరు. కాని చెరువుగర్భమున ఇల్లు కట్టకుండుట అందరికిని సాధ్యమే. కాలువలో చెత్త వేయకుండుట, పుష్కరిణిలో సబ్బునురుగు కలుపకుండుట, మెట్లదారిలో తనవెనుక నడచువాని కాలు జారు వస్తువును పారవేయకుండుట, సత్రపు కుళాయిని వాడుకొని కట్టివేయుట – ఇవన్నియు పేదవాడు సైతము ఆచరింపదగిన పూర్తములు. తన తరువాత వచ్చు యాత్రికుని తలచుకొని చేసిన ప్రతి చిన్నపనియు ఒక మట్టితట్టయే. ఆ తట్టకు రెండవ చేయి పట్టుటకు ఏడుకొండలవాడు నేటికిని సిద్ధముగనే యున్నాడు. ఈసారి ఆయనను కాదనక, ఆ చేతితో చేయి కలుపుటయే మనకు శ్రేయస్సు.