ముందు వచ్చినవాని హక్కు

ముందు వచ్చిన చెవులకంటె వెనుక వచ్చిన కొమ్ములు వాడి యని మనవారనుచుందురు. అమెరికా కళాశాలలయెడ నీ సామెత చెల్లదని యచ్చట స్థిరపడి బిడ్డలను చదివించుకొను తెలుగువారు పలువురు నమ్ముదురు. అర్జీ యెంత ముందుగా పంపిన నంత ధనసాహాయ్యము లభించునని వారి తలంపు. ఇందు సత్యమెంత? న్యాయమెంత?

సాహాయ్యము కోరు అర్జీ వేఱు, ప్రవేశము కోరు అర్జీ వేఱు. మొదటిదానియందు త్వరపడుట మేలే. ఆ దేశపు పౌరులును, శాశ్వతనివాసులును నింపవలసిన ఫాఫ్సా యను ప్రభుత్వపత్రము సాధారణముగా అక్టోబరు 1వ తేదీకి వెలువడును. అందువలన లభించు పెల్ గ్రాంటు అర్హులందఱిది. గడువులోపల నెన్నడడిగినను తఱుగదు. కాని కళాశాలల చేతికి మితముగా వచ్చు నిధులును, కొన్ని రాష్ట్రముల గ్రాంటులును ముందడిగినవారికి పంచబడి యడుగంటును. అన్నసత్రమున కడపటి పంక్తివాని గతియే కడపట నడిగినవానిది.

రెండవదాని తీరు వేఱు. ఎర్లీ డిసిషన్ అను పద్ధతిలో విద్యార్థి తఱచుగా నవంబరులోనే యొక్క కళాశాలను ఎన్నుకొని, చోటు దొరకినచో తక్కినవానిని విడిచి యచ్చటనే చేరుదునని మాట యిచ్చును. ఇందువలన పెక్కుచోట్ల ప్రవేశమునకు వీలు హెచ్చును. ధనము హెచ్చునా? అవసరమును లెక్కగట్టి యిచ్చుచోట లెక్క తలిదండ్రుల యాదాయమును బట్టి యుండును గాని నెలను బట్టి యుండదు. ప్రతిభావంతుల నాకర్షించుటకై యిచ్చుచోటనో, ధర యడుగకయే కొందునన్నవానికి వెల తగ్గించు వర్తకుని మేమెఱుగము. సాహాయ్యము చాలనిచో మాటనుండి విడుదల పొందవచ్చునను నియమము కలదు, నిజమే. కాని నాలుగు కళాశాలల యుత్తరములను ప్రక్కప్రక్కన నుంచి చూచు నవకాశమును ముందే వదలుకొన్న పదునేడేండ్ల బాలుడు చాలదని దేనితో పోల్చి చెప్పగలడు?

వెల తెలియకయే మాట యీయగలవాడు ధనికుడే. చోటు కావలెనన్న బేరము మానవలెను, బేరము కావలెనన్న చోటుపై నాస తగ్గించుకొనవలెను: ఈ సంకటము పేదవానికే. ముందస్తు ప్రవేశములు కలవారికే మేలు చేయుచున్నవని 2006లో హార్వర్డు, ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయములు వానిని మానుదుమని ప్రకటించెను. ప్రసిద్ధ కళాశాలలు పెక్కు వారి వెంట నడువలేదు. 2011లో నా రెండును, మాటకు కట్టుబడు నిర్బంధము లేకుండ, వానిని మరల తెఱచెను.

త్వరపడుట శ్రద్ధకు గుర్తుగదా, సోమరికొఱకు నిధి నేల దాచవలెనని యడుగువారు కలరు. అక్టోబరు మాట చెప్పువారుండిననేగదా బాలుడు త్వరపడును! తల్లి రెండు కొలువులు చేయుచు రాత్రికి గాని యిల్లు చేరనిచోట, బడిలో వందలమందికి సలహాదారు డొక్కడే యున్నచోట, ఆలస్యమును సోమరితనమనుట మాకు నోరాడదు. శ్రద్ధకు బహుమానము వేఱుగా నీయవచ్చును. ఆకలికి తీర్చవలసిన సొమ్మును పరుగుపందెమున కేల పెట్టవలెను?

మఱియు అవసరము పంచాంగము చూచుకొని రాదు. మార్చిలో తండ్రి కొలువు పోయినచో లెక్కను మరల చూడుడని కళాశాలవారిని వేడవచ్చును; వారికి చట్టమా యధికారము నిచ్చినది. అయితే అక్టోబరునుండి పంచుచు వచ్చిన సంచిలో మార్చినాటికి వారికేమి మిగిలియుండును?