వృద్ధుల విద్యాదానము

అన్నదానము, భూదానము, విద్యాదానము అని మన పెద్దలు దానములను పెక్కు విధములుగా చెప్పిరి. తన వార్ధక్యమునే లోకమునకు పాఠముగా ఒసగుట కూడ దానమగునా? ఇది చమత్కారమునకై వేసిన ప్రశ్న కాదు.

కర్ణాటకమున, కోలారు జిల్లాలో, మామిడితోటలకు పేరుగన్న శ్రీనివాసపురము తాలూకా కలదు. అచ్చటి పల్లెలలో కన్నడముతోపాటు తెలుగు తరతరములుగా వినబడుచున్నది. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ ప్రాంగణముననున్న మెదడు పరిశోధన కేంద్రమువారు 2018లో ఆ పల్లెలలో ఒక దీర్ఘకాల పరిశోధన నారంభించిరి. 45 ఏండ్లు నిండిన 10,000 మందిని చేర్చుకొని, వారి జ్ఞాపకశక్తిని, రక్తమును, మెదడు చిత్రములను మరల మరల పరిశీలించుట వారి సంకల్పము. అరువదేండ్లవానిని ఎనుబదేండ్లవానితో పోల్చినచో వయస్సే కాక, చదువు, ఆహారము, పెరిగిన కాలము అన్నియు వేరు. ఒకే మనుష్యుని ఏండ్లతరబడి చూచినప్పుడే మెదడు ఎట్లు ముదియుచున్నదో, ఎవరియందు ఏల చెక్కుచెదరక నిలుచుచున్నదో తెలియును.

అయితే ఈ ఫలము పండునాటికి, పాల్గొన్నవారిలో అనేకులు ఉండకపోవచ్చును. పైగా తన తరుగుదలను తానే కొలిపించుకొనుట సుఖమైన పని కాదు. నిన్న తడుముకొనక చెప్పిన మాట నేడు నాలుకకు రాకున్న, ఏ అభిమానవంతుని మనసు చివుక్కుమనదు?

1986లో అమెరికాలో డేవిడ్ స్నోడన్ అను శాస్త్రజ్ఞుడు ఆరంభించిన పరిశోధనలో 678 మంది క్రైస్తవ సన్యాసినులు చేరిరి. అందరును 75 ఏండ్లు నిండినవారే. మరణానంతరము తమ మెదడును ఇచ్చుటకును వారు సమ్మతించిరి. వారిలో 101 ఏండ్లు జీవించిన యొకామె, అంత వయస్సునను పరీక్షలలో చక్కగా నెగ్గినది. తరువాత చూడగా ఆమె మెదడున అల్జీమర్స్ వ్యాధి చిహ్నములు మెండుగా నుండెను. మెదడు దెబ్బతిన్నను మనస్సు నిలువగలదని ఆ తల్లి లోకమునకు తెలిపినది. దధీచి యొసగిన ఎముకలను మనము పురాణమున విన్నాము. ఇది మన కాలపు దధీచిత్వము.

2013లో సువర్ణ అల్లాడి మొదలగు పరిశోధకులు, హైదరాబాదున 648 మంది డిమెన్షియా రోగుల వివరములను పరిశీలించి, ఒకటికంటె ఎక్కువ భాషలు పలుకువారికి ఆ వ్యాధి సుమారు నాలుగున్నర ఏండ్లు ఆలస్యముగా వచ్చినదని ప్రకటించిరి. నిరక్షరాస్యులయందును ఈ భేదము కనబడినది. దీనిపై పండితుల వాదము ముగియలేదు. ఐనను ఇంట తెలుగు, వీధిలో కన్నడమో తమిళమో ఒడియాయో పలుకు మనబోంట్లకు అది సొంత ప్రశ్న. దానిని తేల్చుటకు ఏండ్లతరబడి సాక్ష్యమిచ్చు వృద్ధులే కావలయును.

దానము గ్రహించువారికిని ధర్మము కలదు. తెలిపి సమ్మతి గొనవలెను, వైదొలగదలచినవారిని నిర్బంధింపరాదు. పట్టులేని భాషలో ప్రశ్నించినచో కొలువబడునది బుద్ధి కాదు, భాష. లోపము కనబడినప్పుడు దాచక, నొప్పింపక చెప్పి, చికిత్సకు దారి చూపవలెను.

మన ధర్మము ఇంటిలోనే యున్నది. చెప్పిన కథనే మరల చెప్పు తాతగారిని "విన్నదేగా" యని మధ్యలో ఆపువారము మనమే కదా! జ్ఞాపకము మనుష్యుని సంపద. అదియే మనుష్యుడు కాదు. సంపద తరిగినదని మర్యాద తగ్గించుట సంస్కారమా? తన క్షీణతను లోకహితమునకై బయటపెట్టుకొన్న వృద్ధుడు నిశ్చయముగా దాతయే. ఆ దానమును అందుకొనుటకు మొదట మనకు కావలసినది ఓర్పు.