చేదు మింగిన శివయ్య కూడా తల వాల్చాడు

🙏 ఓం నమః శివాయ 🙏
🌿 శుక్రవారం సత్సంగం – ఫింటాస్ 🌿

సెలవున్న వాళ్లు తీరిగ్గా చదవండి. డ్యూటీలో ఉన్న వాళ్లు రాత్రి రూముకెళ్లాక చదవండి.

ఈ వారం చేదు గురించి మాట్లాడుకుందాం.

ఉగాది పచ్చడిలో వేపపువ్వు ఎందుకు వేస్తారు? బెల్లం ఎంత వేసినా ఆ చేదు నాలుకకు తగలాల్సిందే. మన పెద్దలు షడ్రుచుల్లో చేదుకు చోటిచ్చారు, దాన్ని దేవుడి ముందు నైవేద్యంగా పెట్టారు. ఆయుర్వేదంలో చేదును తిక్తరసం అంటారు, అది పైత్యాన్ని అణుస్తుందని చెప్తారు. అందుకే కామెర్లకు నేల ఉసిరి, జ్వరానికి నేలవేము, కాలేయానికి కటుకరోహిణి అన్నారు. తిప్పతీగ, కాకరకాయ, వేపచిగురు సంగతి మీకు తెలిసిందే. చిన్నప్పుడు అమ్మ ముక్కు మూసి తాగించిన కషాయం ఎవరు మర్చిపోతారు?

ఇంకో విచిత్రం చూడండి. చేదు మన ఒంట్లోనే ఉంది. మన కాలేయం రోజుకు లీటరుకు కాస్త అటూ ఇటూగా పైత్యరసం తయారు చేస్తుంది. పసుపుపచ్చగా, చేదుగా ఉంటుంది. దాంట్లో కొంత పిత్తాశయమనే చిన్న సంచిలో నిలవ ఉండి, మనం నూనె, నెయ్యి, మాంసం తిన్నప్పుడు పేగులోకి దిగి వాటిని అరిగిస్తుంది. చేదు కదులుతూ ఉన్నంతకాలం మేలే చేస్తుంది. కదలకుండా నిలిచి గడ్డకడితే రాయి అవుతుంది.

మనసులో చేదు కూడా అంతే నాయనా. ఇక్కడ మన గదుల్లో అది చాలా ఉంది. ఎవరికీ చెప్పం. మింగేస్తాం.

మా పక్క రూములో రాజంపేట వైపు తమ్ముడొకడు ఉండేవాడు. ఒక వారం అన్నం సరిగా తినలేదు. "ఏం ల్యాన్నా, ఎండకు అట్లయింది" అన్నాడు. తర్వాత కళ్లు పచ్చబడ్డాయి. ఊరి నుంచి వచ్చిన ఒకాయన చేత వాళ్లమ్మ ఆకుపసరు పొడి పంపించింది. పొద్దున్నే పరగడుపున తాగుతూ, ఉప్పు నూనె మానేసి పథ్యం చేస్తూ, రోజూ దేవుడి పటానికి దండం పెట్టుకుంటూ డ్యూటీకి పోయేవాడు. క్లినిక్‌కు పోదాం రా అంటే వినలేదు.

వాడి భయమేంటో మీకు తెలుసు. గల్ఫ్ మెడికల్‌లో హెపటైటిస్ బి, సి పరీక్ష చేస్తారు కదా. పచ్చకళ్లతో డాక్టరు ముందుకు పోతే అఖామా పోతుందేమో, టికెట్టు చేతిలో పెట్టి పంపేస్తారేమో అని భయం. ఊళ్లో అప్పు, చెల్లెలి పెళ్లి. రోజూ వీడియో కాల్‌లో లైటు ఆర్పేసి మాట్లాడేవాడు, అమ్మకు కళ్లు కనపడకూడదని.

తొమ్మిదో రోజు రాత్రి చలిజ్వరంతో వణికిపోయాడు. కడుపు కుడివైపు నొప్పికి మెలికలు తిరిగాడు. నలుగురం మోసుకుపోయాం. అది హెపటైటిస్ కాదు. పిత్తాశయంలోని రాయి జారి నాళానికి అడ్డం పడింది. గొట్టం వేసి రాయి తీశారు. ఇంకొంచెం ఆలస్యమైతే విషం ఒళ్లంతా పాకేదని డాక్టరు చెప్పారు.

అంటే అమ్మ పంపిన మందు తప్పా? అమ్మ ప్రేమ తప్పు కాదు. కానీ మాట సూటిగా చెప్పుకుందాం. కలుషిత నీళ్ల వల్ల వచ్చే కామెర్లు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి. ఆ పేరు పసరుకు వస్తుంది. నాళంలో ఇరుక్కున్న రాయి పసరుకు కరగదు. నేల ఉసిరి మీద 1988లో చెన్నై వైద్యులు చేసిన పరిశోధన లాన్సెట్ పత్రికలో వచ్చి, హెపటైటిస్ బికి మంచి ఆశ పుట్టించింది. తర్వాత వేరేచోట్ల చేసిన పరీక్షల్లో ఆ ఫలితం నిలబడలేదు. కరోనా కాలంలో తిప్పతీగ కషాయం విపరీతంగా తాగిన కొందరికి కాలేయమే దెబ్బతిన్నదని 2021లో ముంబై డాక్టర్లు రాశారు. కాకరకాయ కూర తినండి, ఉగాదికి వేపపువ్వు తినండి. కానీ కళ్లు పచ్చబడ్డాక కషాయంతో రోజులు నెట్టకండి.

ఇప్పుడు అసలు కథకు వస్తాను.

సముద్రాన్ని చిలికినప్పుడు ముందు అమృతం రాలేదు, హాలాహలం వచ్చింది. లోకం కోసం శివయ్య దాన్ని గొంతులో నిలిపాడు. ఈ కథ అందరికీ తెలుసు. తర్వాత ఏమైందో చూడాలంటే తిరుపతి జిల్లా నాగలాపురం మండలం సురుటుపల్లికి పోవాలి. అక్కడి పళ్లికొండేశ్వర స్వామి గుడిలో శివుడు లింగంగా కాదు, మనిషిలాగా పడుకుని ఉంటాడు. విషం మింగి అలసిపోయి పార్వతమ్మ ఒడిలో తల వాల్చాడని అక్కడి స్థలపురాణం. చుట్టూ దేవతలు నిలబడి ఉంటారు.

ఆలోచించండి. సాక్షాత్తు ఈశ్వరుడే విషం మింగాక "నాకేం కాలేదు" అని డ్యూటీకి పోలేదు. తల వాల్చాడు. అమ్మ దగ్గర దాచలేదు. మరి మనమెందుకు దాస్తున్నాం?

ఇంకొక మాట. అదే సముద్రంలోంచి, అమృత కలశంతో ధన్వంతరి కూడా వచ్చాడు. వైద్యుడు కూడా దేవుడు పంపినవాడే. క్లినిక్ మెట్లెక్కడం నమ్మకం లేకపోవడం కాదు. ధన్వంతరికి దండం పెట్టినట్టే.

అందుకని గుర్తుపెట్టుకోండి:

🌿 కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, మలం తెల్లబడినా, కుడి డొక్కలో నొప్పి భుజానికి పాకినా పసరు పక్కన పెట్టి బతాకా తీసుకుని వెంటనే క్లినిక్‌కు పోండి. ఏ మందు, ఏ పొడి తాగారో డాక్టరుకు దాచకుండా చెప్పండి.

🌿 చలిజ్వరం, తట్టుకోలేని నొప్పి, మాట తడబడటం ఉంటే 112కు ఫోన్ చేయండి.

🌿 దొంగసారా జోలికి పోకండి. 2025 ఆగస్టులో ఇదే కువైట్‌లో మిథనాల్ కలిసిన మందు తాగి 23 మంది చనిపోయారు. కొందరికి చూపు పోయింది. బాధ మర్చిపోవడానికి తాగే ఆ చేదు మందు కాదు, హాలాహలం.

🌿 అఖామా పోతుందన్న భయం ఉత్తదే అని నేను అనను. ఆ భయం నిజమే. కానీ కామెర్లన్నీ ఒకటి కావు. ఏదో తెలియకుండా భయపడేకంటే తెలుసుకుని నిలబడటం మేలు. ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవచ్చు. నువ్వు పోతే మీ అమ్మకు ఇంకో నువ్వు దొరకవు.

ఆ తమ్ముడు ఆసుపత్రి మంచం మీద నుంచే లైటు వేసి వాళ్లమ్మకు ఫోన్ చేశాడు. ఆమె తిట్టింది, ఏడ్చింది, చివరికి "ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు నాయనా" అంది. ఆ ఒక్క మాటతో వాడి మనసులో రాయి కూడా కరిగింది.

ఈ సాయంత్రం వీలుంటే ఫింటాస్ సముద్రం ఒడ్డుకు పోయి కాసేపు కూర్చోండి. ఇంటికి ఫోన్ చేసి దాచిన చేదు ఒక్కటైనా చెప్పండి.

ఈ మెసేజ్ పది మందికి పంపితే కోరికలు తీరతాయని నేను చెప్పను. మీ రూములో "ఏం ల్యాన్నా" అనే తమ్ముడొకడు ఉంటాడు. వాడికి ఒక్కడికి పంపండి. వాడు చదివేదాకా పక్కనే కూర్చోండి.

ఆ నీలకంఠుడు మనందరినీ చల్లగా చూడాలి.

శుభమస్తు 🙏🌿