మోకాలికి అమర్చిన టెండన్ ఎవరిది?

మోకాలి లోపల తొడ ఎముకనూ కాలి ఎముకనూ పట్టి ఉంచే ఏసీఎల్ లిగమెంటు పూర్తిగా తెగితే, మామూలుగా దానంతటది సరిగా అతకదు. అవసరమైనవారికి ఆ చోట, కండరాన్ని ఎముకకు కలిపే టెండన్‌ను గ్రాఫ్ట్‌గా అమరుస్తారు. దాన్ని ఎక్కడి నుంచి తేవాలన్న దగ్గరే ధర్మసందేహం మొదలవుతుంది.

రోగి ఒంట్లోంచే తీసేటప్పుడు బాగున్న చోటును కోయక తప్పదు. మోకాలిచిప్ప కింది టెండన్‌లో నడిమి మూడో వంతును రెండు కొసల ఎముక ముక్కలతో తీస్తే త్వరగా అతుకుతుంది. కానీ మోకాళ్ల మీద కూర్చుంటే కొందరికి నొప్పి మిగిలిపోతుంది. నమాజు చేసేవారికీ, 1956 దాకా ఆదిలాబాద్ జిల్లాలో ఉన్న కిన్వట్ పత్తిచేలల్లో కలుపు తీసే కూలీలకూ అది చిన్న బాధ కాదు. తొడ వెనుక హ్యామ్‌స్ట్రింగ్ టెండన్ తీస్తే ఆ నొప్పి తక్కువే గానీ అతకడానికి ఎక్కువ కాలం పడుతుంది, కాలు బాగా మడిచినప్పుడు బలం కొంత తగ్గుతుంది. నష్టమూ లాభమూ ఒకే మనిషివి కాబట్టి ఈ కోతను హింస అనలేం. ఏ నష్టాన్ని ఓర్చుకోవాలో ఆ మనిషి బతుకుతెరువును, పూజావిధిని చూసి తేల్చుకోవాలి.

మృతదాత టెండన్ వాడితే ఈ కోత తప్పుతుంది. అప్పుడు అది ఎవరిదన్న ప్రశ్న వస్తుంది. కిన్వట్‌కు ఈ ప్రశ్న కొత్త కాదు. దగ్గర్లోని మాహూర్ గుట్ట మీద రేణుకాదేవి ముఖానికే పూజ. తండ్రి జమదగ్ని ఆజ్ఞతో పరశురాముడు తల్లి రేణుక తల నరికి, వరం కోరి బతికించుకున్నాడు. దక్షిణాదిలో చెప్పుకునే ఒక కథనంలో ఆమె తల మరో స్త్రీ మొండేనికి అతుకుతుంది. తలలు మారిన బేతాళ కథలో, తల ఎవరిదైతే మనిషి అతడేనని విక్రమార్కుడి తీర్పు.

టెండన్‌కు ఆ తీర్పు చాలదు. అమర్చిన గ్రాఫ్ట్‌లో దాత కణాలు బతికి ఉండవు, కొల్లాజెన్ అల్లిక మిగులుతుంది. గ్రహీత రక్తనాళాలూ కణాలూ అందులో చేరి నెలల తరబడి దాన్ని తిరగ అల్లుకుంటాయి. సొంత టెండన్‌కూ చాలావరకు ఇదే గతి. ఆ తర్వాత అది గ్రహీతదే. మిగిలేది దాత ఇచ్చాడన్న రుణం.

ఇక్కడ దధీచిని తలచుకోవడం పరిపాటి. ఆయన తెలిసి తన ఎముకలిచ్చాడు. నేటి దాతల్లో చాలామంది తరఫున ఒప్పుకునేది కుటుంబం. కాబట్టి ఆ సమ్మతి నిజమైనదిగా ఉండటమే ముఖ్యం. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం 2011 సవరణతో టెండన్ లాంటి కణజాలాలకూ వర్తించింది, వాటి అమ్మకం నేరం.

చురుగ్గా ఆటలాడే యువకుల్లో మృతదాత గ్రాఫ్ట్‌లు ఎక్కువగా తెగుతాయి, వారికి సొంతదే మేలు. వయసు పైబడినవారికీ, ఒకటికి మించి లిగమెంట్లు తెగినవారికీ దాతది తగినదే. ఏదైనా సరే, ఎక్కడి నుంచి తెచ్చిందో ఆపరేషన్‌కు ముందే రోగికి చెప్పాలి. వద్దంటే ఆ మాట మన్నించాలి.