యాత్రికుని ఋణము

పిల్లలు విదేశములలో స్థిరపడిన పిమ్మట మనవారిలో కొందరు ఐరోపా నదులపై ఓడలలో పయనించి, రేవు రేవున దిగి, దినమున కొక ప్రాచీన నగరమును చూచి వచ్చుచున్నారు. వారు చెప్పు విశేషములు వినుట మాకు వేడుక. అయినను ఒక ప్రశ్న మమ్ము వదలదు. ఒక్క పగటిలో ఒక ఊరిని చూచితిమనుట న్యాయమా?

సమాధానమునకై దూరము పోనక్కరలేదు. మా ఎలవూరికి తూర్పుననున్న ప్రళయకావేరి సరస్సు దక్షిణపు కొసన పళవేర్కాడు కలదు. అదియు నొకప్పుడు ఐరోపావారు నివసించిన పట్టణమే. విజయనగర ప్రభువగు వేంకటపతిరాయల అనుమతితో 1610లో డచ్చివారు అచట వర్తకమునకు నిలిచిరి. 1613లో గెల్డ్రియా కోటను కట్టిరి. 1690 వరకు ఈ తీరమున వారి వ్యాపారమునకు అదియే ముఖ్యస్థానము.

ఒకనాడు మేము కొందరము కలిసి అచటికి పోయితిమి. ఉదయము పడవలో సరస్సుపై తిరిగితిమి. మధ్యాహ్నము కట్టుకొనిపోయిన పులిహోర తింటిమి. పిదప డచ్చివారి శ్మశానవాటిక చూచితిమి. ద్వారమున రాతిలో చెక్కిన అస్థిపంజరములు, లోపల రాతిపలకలపై పేర్లు, తేదీలు, వంశచిహ్నములు. కోటయో, ముండ్లకంపలలో మునిగియున్నది. చీకటి పడకముందే ఇల్లు చేరి "అంతయు చూచితిమి" అని చెప్పుకొంటిమి.

ఆ రాత్రి ఆ మాటయే మా మనస్సును గ్రుచ్చినది. పదునేడవ శతాబ్దమున కరవుకాలములలో ఈ తీరపు స్త్రీపురుషులను బానిసలుగా కొని, డచ్చివారు ఈ రేవునుండియే బటావియాకు ఓడలలో పంపిరి. ఆకలికి తాళలేక బిడ్డల నమ్ముకొన్నవారును గలరు. వారికి రాయి లేదు, పేరు లేదు. కంపెనీ లెక్కలలో వారు చాలవరకు అంకెలుగనే మిగిలిరి. మేమును కచేరీలో జీవితమంతయు అంకెలు వ్రాసినవారమే. అంకె వేయునపుడు చేయి వణకదని మాకు తెలియును. అందుచేతనే భయము కలిగినది.

బానిసత్వమున తమ నగరమునకు గల పాలు నొప్పుకొని ఆంస్టర్‌డాం పురాధ్యక్షురాలు 2021లో క్షమాపణ వేడిరి. నెదర్లాండ్సు రాజును 2023లో వేడిరి. ఆ నగరపు కాలువలలో పడవనెక్కి మేడలను చూచు మనవారు, ఆ సంపదలో మన తీరపు నేతగాని శ్రమయు కొంత గలదని తలపవలదా?

వినోదమునకై పోయినవానికి ఈ బరువేల యని కొందరందురు. వినోదము తప్పు కాదు, ఒక్కనాడే చూచుటయు తప్పు కాదు. ఆ సమాధులలోనివారును ఎవరి బిడ్డలో. వారిని ద్వేషింపనక్కరలేదు. "అంతయు చూచితిమి" అనుటయే తప్పు. ఇచట ఎవరి పేరు చెక్కబడలేదని యాత్రికుడు ఒక్కమారైన నడుగవలెను. అదియే అతడు తీర్పవలసిన ఋణము.

రేపు మన మనుమలు సెలవులకు వచ్చి ఎలవూరిని ఒక్కనాడు చూచి పోవుదురు. గుడి గోడపై దాతల పేర్లు వారే చదువుకొందురు. ఆ గోడకు రాయి మోసినవారి మాట మనము చెప్పిననే తెలియును.