చెరలో మొర

హైటెక్ సిటీలో ఒకే కార్యాలయమున పనిచేయు మిత్రులిరువురు ఒక ఆదివారమునాడు గోల్కొండ కోటను చూడబోయిరి. వారిలో చిన్నవానికి ఉద్యోగము పోనున్నదని అంతకు రెండు దినముల ముందే తెలిసినది. ఇంట చెప్పుకొనుటకు సిగ్గుపడి అతడు లోలోపల కుములుచుండెను.

శిథిల ప్రాకారముల నడుమ మెట్లెక్కి వారు రామదాసు బందీఖానా చేరిరి. భద్రాద్రి రామునికి కోవెల కట్టించిన కంచెర్ల గోపన్న ఇచ్చటనే పన్నెండేండ్లు చెరయందుండెనని పెద్దలు చెప్పుదురు. ఆయన ఏలిక తానీషాకును 1687లో ఈ కోట చేజారినది. ఆ ప్రభువు దౌలతాబాదు కోటలో బందీగానే తనువు చాలించెను.

"తమ్ముడూ! కోటలు పోవును, కొలువులు పోవును. అది దోషము కాదు. గోపన్న తన బాధను దాచుకొనెనా? రామునితో మొరపెట్టుకొనెను, నిష్ఠురములును ఆడెను. నీవేల దాచెదవు?" అనెను పెద్దవాడు.

ఆ సాయంకాలమే చిన్నవాడు భార్యకు సర్వము చెప్పెను. ఉద్యోగము నిలువలేదు, గుండె బరువు మాత్రము తగ్గినది.

ఫతే దర్వాజా కడ చరచిన చప్పట్లు కొండపైనున్న బాలాహిసారున వినబడును. రాతికోటయే అంత చెవియొగ్గగా, ఆర్తుని మొర స్వామికి వినబడకుండునా? నోరు విప్పుటయే మన వంతు.