ధాన్యాగారము – దాసోహము



మన సంప్రదాయమున పదార్థము ఇష్టలింగమునకు అర్పితమైన పిదపనే ప్రసాదమగును. కొట్టులో ఎంతయున్నను అర్పితము కానంతవరకు అది వట్టి పదార్థమే. ఈ భేదమును మనస్సున నుంచుకొని దేశపు ధాన్యపు సంగతి విచారింతము.

1965, 1966 సంవత్సరముల అనావృష్టికి మన దేశము పరదేశపు ఓడలకై ఎదురుచూచెను. 1966లో దిగుమతియైన ధాన్యము కోటి టన్నులకు మించినది. పిదప మేలురకపు విత్తనములు, కాలువనీరు, ఎరువులు, అన్నిటికంటె రైతుకూలీల చెమట దేశమును ఒడ్డునకు చేర్చినవి. ఇది కాయకపు ఫలము. దీనిని తక్కువగా ఎంచరాదు.

అయినను 2001లో జరిగినదేమి? ప్రభుత్వపు గిడ్డంగులలో ఐదుకోట్ల టన్నులకు పైగా ధాన్యము మూలుగుచుండగా రాజస్థానపు కరవుపల్లెలలో జనులు పస్తులుండిరి. ధాన్యము లేక కాదు, కొనుటకు చేత కాసు లేక. పీపుల్స్ యూనియన్ ఫర్ సివిల్ లిబర్టీస్ వారు సుప్రీంకోర్టున మొరపెట్టగా, ఆ యేటి నవంబరులో ప్రాథమిక పాఠశాలల పిల్లలకు వండిన అన్నము పెట్టవలెనని ఆజ్ఞ వెలువడెను. 2013లో ఆహారభద్రతా చట్టము వచ్చినది. దాని ప్రకారము అర్హులలో ఒక్కొక్కరికి నెలకు 5 కిలోలు, అంత్యోదయ కుటుంబమునకు 35 కిలోలు ఈయవలెను. 2023 జనవరి నుండి అది ఉచితము.

బసవేశ్వరుడు బిజ్జలుని భాండాగారమునకు అధికారి. నిండిన కోశాగారపు శోభ ఆయన యెరుగనిది కాదు. అయినను కాయకముతో నిలువక దాసోహమును జతచేసెను. దానమున 'నేనిచ్చితి' నను గర్వము మిగులును. దాసోహమున ఇచ్చువాడే దాసుడు. (పంక్తిలో మనవారికి ముందు వడ్డించి, వాకిట నిలిచినవారికి మిగిలినది పెట్టు అలవాటు కొన్నిచోట్ల కలదు. దానిని దాసోహమనుట నాకు సమ్మతము కాదు.)

ఇప్పుడు చౌకధరల దుకాణమునకు పోయి చూడుడు. అచ్చట వేలిముద్ర యంత్రమున్నది. నాట్లు వేసి, కలుపు తీసి, రాళ్లు మోసి అరిగిన వ్రేళ్లను అది ఒక్కొక్కప్పుడు గుర్తింపదు. కాయకము చేసినందుకే రేఖలు చెరిగినవి. రేఖలు చెరిగినందుకే ముసలమ్మ ఉత్త సంచితో మరలిపోవుచున్నది! ముద్ర పడలేదని ధాన్యము నిరాకరింపరాదని కేంద్రప్రభుత్వము 2017లోనే ఉత్తరువిచ్చినది. ఆ మాట అడుగుటకు ఆమెకు నోరు రాదు. మనకు వచ్చును.

మఠములకు నా విన్నపమిది. ఉత్సవదినములందు పెట్టు అన్నము పెట్టుచునే యుండుడు. దానితోపాటు, బియ్యమిచ్చు దినములలో నలుగురు యువకులను దుకాణము వద్దకు పంపుడు. రిక్తహస్తములతో మరలినవారి పేర్లు వ్రాసికొని, వారిని వెంటబెట్టుకొని తహసీలుదారు కార్యాలయమునకు పోయి అర్జీ పెట్టింపుడు. బియ్యము చేతికి వచ్చువరకు మరల మరల పోవుడు.